మిగిలిన ఇంజన్ల లెక్క

1939 జులై 25న ఇంగ్లండులో మాంచెస్టర్ నగరం పక్కనున్న రింగ్‌వే విమానాశ్రయం నుంచి రెండు ఇంజన్ల బాంబర్ ఒకటి మొదటిసారి గాలిలోకి లేచింది. దాని పేరు కూడా మాంచెస్టరే. కట్టినది ఎవ్రో కంపెనీ, రూపకర్త రాయ్ చాడ్విక్. ఏడాదిన్నర తిరిగేసరికి, 1941 జనవరి 9న, అదే రింగ్‌వే నుంచి అదే చాడ్విక్ రూపొందించిన, దాదాపు అదే శరీరం ఉన్న మరో విమానం ఎగిరింది. రెక్కల వెడల్పు 27 మీటర్ల నుంచి 31 మీటర్లకు పెరిగింది. రెండు పెద్ద ఇంజన్ల చోట నాలుగు చిన్న ఇంజన్లు వచ్చాయి. మొదట దాన్ని మూడో రకం మాంచెస్టర్ అన్నారు, తరవాత లాంకాస్టర్ అని పేరు మార్చారు. మాంచెస్టర్లు సుమారు 200 తయారై, 1942 జూన్ చివరికల్లా యుద్ధరంగం నుంచి తప్పుకున్నాయి. లాంకాస్టర్లు 7,377 తయారై యుద్ధం ముగిసేదాకా ఎగిరాయి. ఒకే బుర్రలో పుట్టిన ఒకే రూపం, మారినది ప్రధానంగా ఇంజన్లే. ఇంజనీరింగు చరిత్రలో ఇంత శుభ్రమైన పోలిక దొరకడం అరుదు. ఈ పోలిక చూసి చాలామంది ‘మాంచెస్టర్ ఇంజన్ చెడ్డది, లాంకాస్టర్ ఇంజన్ మంచిది’ అని ఊరుకుంటారు. అది నిజమే, కానీ సగం నిజం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది మిగతా సగం. భారీ బాంబర్ బలం దాని ఇంజన్లన్నీ తిరుగుతున్నప్పుడు ఎంత శక్తి వస్తుందన్న దానిలో లేదు. వాటిలో ఒకటి ఆగిపోయాక ఎంత మిగులుతుంది, ఆ ఆగిపోయిన ఇంజన్ ముందున్న ప్రొపెల్లర్ విమానాన్ని ఎంత వెనక్కి లాగుతుంది అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబులో ఉంది.

ముందు పెద్ద ఇంజన్ మీద మోజు ఎందుకు పుట్టిందో చూడాలి, ఎందుకంటే అది తెలివితక్కువ మోజు కాదు. 1936లో బ్రిటిష్ వైమానిక శాఖ పి.13/36 అనే సంఖ్యతో కొత్త బాంబర్‌కు కావలసిన లక్షణాలు ప్రకటించినప్పుడు రెండు ఇంజన్ల విమానాన్నే కోరింది. ఇంజన్ల సంఖ్య తగ్గితే గాలికి అడ్డుపడే గూళ్ళు తగ్గుతాయి. పైపులు, తీగలు, మీటలు, గేజులు తగ్గుతాయి. మెకానిక్ విప్పి బిగించే పని తగ్గుతుంది. కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ కోరిక తీర్చడానికి రోల్స్‌రాయిస్ తయారుచేసిన ఇంజన్ పేరు వల్చర్. వి అక్షరం ఆకారంలో 12 సిలిండర్లుండే ఇంజన్ వాళ్ళకు అప్పటికే చేతిలో విద్య. అలాంటిది ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పెట్టి, రెంటినీ ఒకే క్రాంక్‌షాఫ్టుకు కలిపితే ఎక్స్ ఆకారంలో 24 సిలిండర్ల ఇంజన్ అవుతుంది. మొత్తం 42 లీటర్ల పరిమాణం, దాని నుంచి ఆశించిన శక్తి 1,760 హార్స్‌పవర్. మన పొలాల్లో బోరు మీద బిగించే 5 హెచ్‌పీ మోటార్లు 350 కలిపితే ఎంతో, ఒక్క ఇంజన్‌లో అంత.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ నాలుగు వరసల పిస్టన్లు తోసే తోపంతా ఒకే క్రాంక్‌షాఫ్టు మీద పడింది. మామూలు వి ఇంజన్‌లో క్రాంక్ పిన్ను ఒక్కొక్కదాన్ని రెండు కనెక్టింగ్ రాడ్లు పట్టుకుంటాయి. వల్చర్‌లో నాలుగు పట్టుకోవాలి. ఒక పెద్ద రాడ్డు పిన్నును చుట్టుకుని ఉంటే, మిగతా మూడు దాని తలకు తగిలించి ఉంటాయి. ఆ పెద్ద తల రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించినది. నాలుగు వైపుల నుంచి సెకనుకు పదుల సార్లు లాగుళ్ళు, తోపులు వస్తుంటే దాన్ని కాపాడేది బేరింగుకూ పిన్నుకూ మధ్య ఉన్న పల్చటి నూనె పొర ఒక్కటే. ఆ పొర ఒక్క క్షణం తెగితే లోహం లోహాన్ని రాస్తుంది, బేరింగు కరుగుతుంది, రాడ్డు విరిగి ఇంజన్ గోడను పొడుచుకుని బయటికొస్తుంది. వేడి నూనె బయటపడ్డాక మంట పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. వల్చర్‌లో ఇదే జరిగింది, మళ్ళీ మళ్ళీ జరిగింది. చల్లబరిచే ఏర్పాటులోనూ లోపాలు బయటపడ్డాయి. చివరికి ఇంజన్ వేగం తగ్గించి, 1,500 హార్స్‌పవర్ దగ్గర ఆపి వాడవలసి వచ్చింది. ఆశించినదానిలో దాదాపు ఏడో వంతు అక్కడే పోయింది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. విమానం ఎత్తు తగ్గకుండా నేరుగా పోవడానికి కనీసం ఇంత అని శక్తి ఖర్చవుతుంది. ఆ పైన మిగిలినదే ఎత్తుకు ఎక్కడానికి, వేగం పెంచడానికి, ఆపదలో ఆదుకోవడానికి పనికొస్తుంది. సంసారంతో పోల్చుకోవచ్చు. నెలకు వంద రూపాయల రాబడి, అరవై రూపాయల తప్పనిసరి ఖర్చు ఉన్న ఇంట్లో సంపాదించేవాళ్ళు నలుగురై, ఒకరి జీతం పోతే డెబ్భై ఐదు మిగులుతుంది, ఇల్లు గడుస్తుంది. సంపాదించేవాళ్ళు ఇద్దరే అయి, ఒకరి జీతం పోతే మిగిలేది యాభై. అప్పు పుట్టక తప్పదు. విమానానికి అప్పు పుట్టేది ఒక్కచోటే, అది తన ఎత్తులో నుంచి. ఎత్తును కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టి ముందుకు సాగుతుంది, ఎత్తు అయిపోయాక నేల తగులుతుంది. మాంచెస్టర్ నిండు బరువు దాదాపు 22.5 టన్నులు. ఒక ఇంజన్ ఆగితే మిగిలే శక్తి టన్నుకు 67 హార్స్‌పవర్. వల్చర్ తన మాట నిలబెట్టుకుని పూర్తి 1,760 ఇచ్చి ఉన్నా టన్నుకు 78 మించదు. లాంకాస్టర్ తొలి రకంలో ఉన్న మెర్లిన్ 20 ఇంజన్ గాలిలోకి లేచేటప్పుడు 1,280 హార్స్‌పవర్ ఇచ్చేది. 28.5 టన్నుల నిండు బరువుతో ఉన్నప్పుడు ఒక ఇంజన్ పోయినా టన్నుకు 135 మిగులుతుంది. రెండు పోతే 90. అంటే రెండు ఇంజన్లు పోగొట్టుకున్న లాంకాస్టర్ కూడా ఒకటి పోయిన మాంచెస్టర్ కన్నా మెరుగైన స్థితిలో ఉంది. మరో మాట చెప్పాలి, ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకె. రెండు ఇంజన్లూ చక్కగా తిరుగుతున్న మాంచెస్టర్‌కు ఉన్న శక్తి టన్నుకు 133. ఒక ఇంజన్ కోల్పోయిన లాంకాస్టర్ ఏ పరిస్థితిలో ఉంటుందో, మాంచెస్టర్ ఆ పరిస్థితిలోనే ప్రతి రాత్రీ రన్‌వే మీద నుంచి బయల్దేరేది.

ఈ అంకె మనుషుల మీద ఎలా పడుతుందో 1942 మే 30 రాత్రి తెలిసింది. కొలోన్ నగరం మీదికి వెయ్యి బాంబర్లు వెళ్ళిన రాత్రి అది. లెస్లీ మాన్సర్ అనే ఇరవై ఏళ్ళ పైలట్ నడిపిన మాంచెస్టర్‌కు నేల మీది తుపాకుల దెబ్బ తగిలింది. తిరుగు దారిలో ఎడమ ఇంజన్ వేడెక్కి అంటుకుంది. కాసేపటికి మంట ఆరింది, కానీ ఒక్క ఇంజన్‌తో విమానం ఎత్తు నిలుపుకోలేకపోయింది. మాన్సర్ తన సిబ్బందిని పారాచూట్లతో దూకమన్నాడు, వాళ్ళు దూకేదాకా విమానాన్ని నిలకడగా పట్టుకున్నాడు, తాను మాత్రం బయటపడలేదు. విమానం బెల్జియంలో బ్రే పట్టణం దగ్గర కూలింది. ఆయనకు మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ కుర్రవాడి ధైర్యానికి ఏ పతకమూ చాలదు. అయితే అంత ధైర్యం అవసరమైన పరిస్థితి రావడానికి కారణం విమానం రూపకల్పనలోనే ఉందని కూడా చెప్పుకోవాలి.

ఇంతవరకు ఇంజన్ గురించే మాట్లాడాను. ఇంజన్ విమానాన్ని నేరుగా లాగదు, షాఫ్టును తిప్పుతుంది, అంతే. ఆ తిప్పుడును లాగుడుగా మార్చేది ప్రొపెల్లర్. దాని బ్లేడు మెలి తిరిగిన చిన్న రెక్క లాంటిది. అది గాలిని వెనక్కి తోస్తుంది, ఆ తోపుకు బదులుగా విమానం ముందుకు పోతుంది. ఇక్కడ ఒక భౌతిక సూత్రం ఉంది. కొద్దిపాటి గాలిని విసురుగా తోయడం కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం లాభం, ఎందుకంటే గాలి వేగం రెట్టింపైతే దానిలో వృథాగా పోయే శక్తి నాలుగింతలవుతుంది. కాబట్టి ప్రొపెల్లర్ ఎంత పెద్దదైతే అంత మంచిది. మరి ఇరవై అడుగులది ఎందుకు పెట్టరు? బ్లేడు చివర వేగం అడ్డొస్తుంది. అది ధ్వని వేగానికి దగ్గర పడితే గాలి సాఫీగా జారిపోకుండా కుదించుకుపోయి, అదురు తరంగాలు పుట్టి, ఇంజన్ శక్తిలో చాలా భాగాన్ని మోతగా, వేడిగా మింగేస్తాయి. లాంకాస్టర్ ప్రొపెల్లర్ వ్యాసం 13 అడుగులు, అంటే దాదాపు 3.96 మీటర్లు. మెర్లిన్ గరిష్ఠంగా నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్‌ను నేరుగా ఆ షాఫ్టుకే బిగిస్తే బ్లేడు చివర సెకనుకు 620 మీటర్ల వేగంతో తిరగాలి. నేల దగ్గర ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లే. అందుకే మధ్యలో గేర్లు పెట్టి ఆ చుట్లను 0.42 వంతుకు, అంటే 1,260కి దించారు. అప్పుడు బ్లేడు చివర వేగం 261 మీటర్లు. అమెరికా వాళ్ళ బి-29 బాంబర్‌కు ఇంజన్ పూర్తిగా వేరు, దేశం వేరు, ప్రొపెల్లర్ వ్యాసం 16 అడుగుల 7 అంగుళాలు. దాని ఇంజన్ 2,800 చుట్లను గేర్లు 0.35 వంతుకు దించుతాయి. లెక్క కడితే బ్లేడు చివర వేగం 259 మీటర్లు. ఇద్దరు రూపకర్తలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే గోడ దగ్గర ఆగారు. పెద్ద ఇంజన్ కోరుకునేవాళ్ళు తరచు మరిచే సంగతి ఇది. ఇంజన్ శక్తిని రెట్టింపు చేయవచ్చు గానీ, ఆ శక్తిని ఒకే ప్రొపెల్లర్ ద్వారా గాలికి అందించే వీలును రెట్టింపు చేయడం అంత సులభం కాదు. అదే శక్తిని నాలుగు ప్రొపెల్లర్లకు పంచితే విమానం మొత్తంగా ఎక్కువ గాలిని పట్టుకుంటుంది.

ప్రొపెల్లర్ అసలు విలువ ఇంజన్ చచ్చిపోయిన క్షణాన తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు బ్లేడు గాలిని ఎంత కోణంలో కోయాలో ఒక గవర్నర్ చూసుకుంటుంది. విమానం వేగం పెరిగి ప్రొపెల్లర్ వడిగా తిరగబోతే, గవర్నర్‌లోని చిన్న బరువులు బయటికి విచ్చుకుని నూనె దారిని మారుస్తాయి. ఆ నూనె ఒత్తిడితో ప్రొపెల్లర్ బొడ్డులోని పిస్టన్ కదిలి, బ్లేడు కోణాన్ని పెంచుతుంది, భారం పెరిగి చుట్లు మళ్ళీ దారికొస్తాయి. ఇంజన్ ఆగినా ఈ గవర్నర్ తన పని మానదు. చుట్లు తగ్గుతున్నాయని బ్లేడు కోణాన్ని తగ్గిస్తూ పోతుంది. అప్పుడు ప్రొపెల్లర్ గాలిమరగా మారుతుంది. అంతవరకు గాలిని తోసినదాన్ని ఇప్పుడు గాలి తోస్తుంది. ఆ తిప్పుడుకు కావలసిన శక్తి విమానం వేగంలో నుంచే పోతుంది. పైగా అది చచ్చిన ఇంజన్‌ను బలవంతంగా తిప్పుతూనే ఉంటుంది. విరిగిన రాడ్డు, కరిగిన బేరింగు ఉన్న ఇంజన్‌ను అలా తిప్పడమంటే గాయాన్ని కెలకడమే. దీనికి విరుగుడు బ్లేళ్ళను పూర్తిగా తిప్పి, వాటి అంచు గాలికి ఎదురుగా నిలిచేలా చేయడం. ఆంగ్లంలో దీన్ని ఫెదరింగ్ అంటారు. అమెరికాలో హామిల్టన్ స్టాండర్డ్ కంపెనీ 1930ల చివర్లో తెచ్చిన హైడ్రోమ్యాటిక్ ప్రొపెల్లర్‌లో ఇది సాధ్యమైంది. దాన్నే ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ లైసెన్సు తీసుకుని తయారుచేసింది. లాంకాస్టర్ పైలట్ ఒక బటన్ నొక్కితే, ఇంజన్‌తో సంబంధం లేకుండా విద్యుత్ మోటారుతో తిరిగే చిన్న పంపు నూనెను తోసి బ్లేళ్ళను నిలబెడుతుంది. ప్రొపెల్లర్ ఆగిపోతుంది, ఈడ్పు తగ్గుతుంది, పాడైన ఇంజన్ కదలక పడి ఉంటుంది. టన్నుకు 135 హార్స్‌పవర్ అన్న అంకెకు ఈ బటన్ పనిచేసినప్పుడే అర్థం ఉంది. అది పనిచేయకపోతే మిగిలిన మూడు ఇంజన్లు విమానాన్నే కాక ఆ గాలిమరనూ మోయాలి.

నాలుగు ఇంజన్లే మేలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం గణితం నుంచే వస్తుంది. ఇంజన్లు రెట్టింపైతే ఇంజన్ పాడయ్యే అవకాశమూ రెట్టింపవుతుంది కదా? అవును, అవుతుంది. దాన్ని దాచడానికి వీల్లేదు. ఉదాహరణకు ఒక ప్రయాణంలో ఏ ఇంజనైనా ఆగిపోయే అవకాశం 50లో ఒకటి అనుకుందాం. ఇది ఊహించిన అంకె, లెక్క కోసం తీసుకున్నది. రెండు ఇంజన్ల విమానానికి కనీసం ఒక ఇంజన్ పోయే అవకాశం సుమారు 4 శాతం, నాలుగు ఇంజన్లదానికి సుమారు 8 శాతం. ఇక్కడితో ఆగితే అభ్యంతరం గెలిచినట్టే. కానీ మనకు కావలసినది ఇంజన్ ఆగుతుందా అన్నది కాదు, విమానం పడిపోతుందా అన్నది. ఒకటి పోగానే ఎత్తు నిలుపుకోలేని విమానానికి ఆ 4 శాతమూ ప్రాణాపాయమే. ఒకటి పోయినా సాగే విమానానికి రెండో ఇంజన్ కూడా పోతేనే కష్టం, దాని అవకాశం దాదాపు 0.23 శాతం. మరమ్మతు షెడ్డులో పని రెట్టింపైంది, గాలిలో అపాయం పదిహేడో వంతుకు దగ్గరగా తగ్గింది. మెకానిక్ చెమట ఖర్చుపెట్టి సిబ్బంది ప్రాణాలు కొన్న బేరం ఇది. అయినా ఇందులో ఒక లోపముంది. ఒకే కారణంతో రెండు ఇంజన్లు కలిసి పోతే, ఉదాహరణకు పక్కపక్కనున్న రెంటికీ ఒకే తుపాకి గుండు ముక్కలు తగిలితే, ఈ గుణకారం చెల్లదు. ఇంజన్‌తో పాటు పోయే సేవలూ ఉంటాయి. లాంకాస్టర్‌లో ఎడమ రెక్క చివరి ఇంజన్ ఆగితే తోక దగ్గరి తుపాకి గూటిని తిప్పే హైడ్రాలిక్ శక్తి కూడా పోయేది. మూడు ఇంజన్లతో విమానం ఎగరగలదు, కానీ వెనక నుంచి వచ్చే శత్రువు ముందు సగం గుడ్డిదవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. మూడు ఇంజన్లతో, రెండు ఇంజన్లతో లాంకాస్టర్లు ఇంటికొచ్చిన కథలు ఎన్నో ఉన్నాయి. కానీ రానివాళ్ళు కథ చెప్పలేరు. లాంకాస్టర్లలో సగానికి దగ్గరగా యుద్ధంలో పోయాయి, బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది చనిపోయారు. తిరిగొచ్చినవాళ్ళ మాటల మీద సిద్ధాంతం కట్టడం ఎంత ప్రమాదమో అప్పట్లోనే ఒక గణాంకవేత్త చూపించాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలోని గణాంక పరిశోధన బృందంలో పనిచేసిన అబ్రహాం వాల్డ్ 1943లో ఈ ప్రశ్న మీద పనిచేశాడు. తిరిగొచ్చిన విమానాల మీది రంధ్రాలను లెక్కపెట్టి, ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ కవచం వేయాలన్నది సహజంగా తట్టే ఆలోచన. వాల్డ్ తర్కం దానికి ఎదురుగా నడిచింది. గుళ్ళు విమానమంతటా తగులుతాయి. తిరిగొచ్చినవాటిలో ఒక భాగానికి రంధ్రాలు తక్కువగా ఉన్నాయంటే, ఆ భాగానికి దెబ్బ తగిలినవి తిరిగి రాలేదని అర్థం. ఇంజన్ అలాంటి భాగం. ఈ మనిషి 1950 డిసెంబరులో మన దేశంలో ఉపన్యాసాలు ఇవ్వడానికి వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు. ఆయన పాఠాన్ని ఒప్పుకుని తీరాలి, అందుకే నా వాదనను ఇంటికొచ్చిన కథల మీద నిలబెట్టలేదు. టన్నుకు ఎన్ని హార్స్‌పవర్లు అన్న లెక్క వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఒక్కటే. పైగా ఇంజన్‌కు తగిలిన దెబ్బ అంత ప్రాణాంతకమైనదని వాల్డ్ చూపించాడంటే, ఒక ఇంజన్ పోయాక ఏమి మిగులుతుందన్న ప్రశ్న మరింత ముఖ్యమవుతుందే గాని తగ్గదు. ఇంజన్ నూనె తక్కువై ఆగిందా, తుపాకి దెబ్బకు ఆగిందా అన్నది విమానానికి తెలియదు.

వల్చర్‌కు మరికొంత కాలం ఇచ్చి ఉంటే బాగుపడేదని మరికొందరంటారు. బహుశా బాగుపడేదే. 24 సిలిండర్ల ఇంజన్ పనిచేయదనే సూత్రమేమీ లేదు, నేపియర్ సేబర్ ఎన్నో కష్టాల తరవాత కుదురుకుంది. కానీ అదే పి.13/36 కోసం వల్చర్లతోనే బాంబర్ గీయడం మొదలుపెట్టిన హ్యాండ్లీ పేజ్ కంపెనీ కథ చూడండి. 1937లోనే వల్చర్ మీద అనుమానంతో ఆ విమానాన్ని నాలుగు మెర్లిన్లకు మార్చి గీశారు. అదే హ్యాలిఫాక్స్, 1939 అక్టోబరులో ఎగిరింది. జర్మనీలో హైంకెల్ 177 రూపకర్తలు అలా మారలేదు. రెండేసి ఇంజన్లను పక్కపక్కన జోడించి ఒక్కొక్క ప్రొపెల్లర్‌కు కలిపారు. చూడటానికి రెండు ఇంజన్ల విమానం, కడుపులో నాలుగు. గాలి ఒరిపిడి తగ్గించే ఆశతోనూ, అంత పెద్ద బాంబర్ కిందికి దూకుతూ బాంబులు వేయాలన్న విపరీతపు కోరికతోనూ చేసిన పని అది. ఇరుకు గూట్లో జోడు ఇంజన్ల మధ్య ఎర్రగా కాలే పొగ గొట్టాల మీద నూనె, ఇంధనం కారి ఆ విమానాలు గాలిలోనే అంటుకునేవి. నాలుగు ఇంజన్ల బరువు, ఖర్చు, శ్రమ అన్నీ భరించి, నాలుగు ఇంజన్ల వల్ల రావలసిన రక్షణను మాత్రం వదులుకున్నారు. రూపకల్పనలో ఇంతకన్నా విచారకరమైన బేరం నాకు కనబడలేదు.

ఇక బి-29. నా వాదనకు అది అనుకూలమూ, ప్రతికూలమూ కూడా. దాని రైట్ ఆర్-3350 ఇంజన్‌లో 18 సిలిండర్లు రెండు వలయాలుగా ఉంటాయి, పరిమాణం 55 లీటర్లు, శక్తి 2,200 హార్స్‌పవర్. చల్లబరిచేది గాలే. ముందు వరస సిలిండర్లను తాకి వేడెక్కిన గాలి వెనక వరసకు చేరేది. గూటి చుట్టూ ఉన్న రేకు తలుపులు తెరిస్తే చల్లబడేది గానీ ఒరిపిడి పెరిగి వేగం పడిపోయేది. క్రాంక్‌కేసులో మెగ్నీషియం ఉండటం వల్ల ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం. 1943 ఫిబ్రవరి 18న రెండో నమూనా విమానం సియాటిల్‌లో ఇంజన్ మంటలతో ఒక మాంసం కర్మాగారం మీద కూలి, ప్రసిద్ధ పరీక్షా పైలట్ ఎడ్డీ అలెన్, ఆయన సిబ్బంది, నేల మీద మరికొందరు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ఈ విమానాలనే మన దేశానికి తెచ్చారు. తెలుగు రైల్వే కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఖరగ్‌పూర్ వాటికి ముఖ్య కేంద్రమైంది, చుట్టుపక్కల చాకులియా, పియార్దోబా, దూద్‌కుండీల్లో రన్‌వేలు వెలిశాయి. 1944 జూన్ 5న 98 విమానాలు అక్కడి నుంచే బాంకాక్ మీదికి తమ తొలి దాడికి లేచాయి. బెంగాల్ ఎండలో గాలి పల్చబడుతుంది. అలాంటి గాలిలో ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, సిలిండర్లకు చల్లదనం తగ్గుతుంది, మూడు నష్టాలూ రన్‌వే మీద ఒక్కసారే వచ్చిపడతాయి. 60 టన్నుల నిండు బరువుకు ఒక ఇంజన్ పోతే మిగిలేది టన్నుకు 110 మాత్రమే. నాలుగు ఇంజన్లున్నా దానికి లాంకాస్టర్‌కున్న వెసులుబాటు లేదు. తరవాత వేడి గాలి దారులు మార్చారు, బ్లేళ్ళ మొదళ్ళకు తొడుగులు వేసి ఇంజన్ మీదికి ఎక్కువ గాలి తోసేలా చేశారు. ఆ ఇంజన్ యుద్ధం తరవాత ప్రయాణికుల విమానాల్లోనూ పనిచేసింది. కాబట్టి చెడ్డ ఇంజన్ కాలక్రమంలో మంచిదవుతుందన్న మాట నిజమే. బాగుపడేదాకా విమానాన్ని గాలిలో నిలిపేది మాత్రం మిగిలిన ఇంజన్లే. బి-29కి అవి మూడు ఉన్నాయి, మాంచెస్టర్‌కు ఒకటే.

అంటే నాలుగు అన్న సంఖ్యలో మహిమ ఉందని కాదు. డి హావిలాండ్ వాళ్ళ కొయ్య విమానం మస్కిటోకు రెండే మెర్లిన్లు. నిండు బరువు దాదాపు 10 టన్నులు. ఒక ఇంజన్ పోతే టన్నుకు 128 మిగులుతుంది, అంటే ఒకటి పోయిన లాంకాస్టర్‌కు దాదాపు సమానం. అందుకే మస్కిటోలు ఒక్క ఇంజన్‌తో ఇల్లు చేరాయి. మాంచెస్టర్ చేసిన తప్పు రెండు ఇంజన్లు పెట్టుకోవడం కాదు, రెండు ఇంజన్లు మోయలేని బరువును నెత్తిన పెట్టుకోవడం. ఒక లాంకాస్టర్‌కు పెట్టే మెర్లిన్లతో నాలుగు స్పిట్‌ఫైర్లు తయారవుతాయన్న అభ్యంతరం 1940లో బలమైనదే, అప్పుడు బ్రిటన్‌కు ఫైటర్లే ప్రాణాధారం. దానికి జవాబు ఫ్యాక్టరీల్లో దొరికింది. డెర్బీ, క్రూ, గ్లాస్గోలతో పాటు మాంచెస్టర్‌లో ఫోర్డ్, అమెరికాలో డెట్రాయిట్‌లోని ప్యాకర్డ్ కూడా మెర్లిన్లు చేశాయి. వల్చర్లు తయారైనవి కొన్ని వందలు, మెర్లిన్లు లక్ష దాటాయి. ఫైటర్‌లో బయటపడిన లోపాన్ని సరిదిద్దితే ఆ మేలు బాంబర్‌కూ అందేది. నమ్మకమైన ఇంజన్ గీత బల్ల మీద పుట్టదు, లక్షల గంటల నడకలో పుడుతుంది.

ఈ నమ్మకం దేనికి వాడారన్నది కూడా చెప్పకపోతే ఈ అధ్యాయం అబద్ధమవుతుంది. సిబ్బందిని ఇంటికి చేర్చిన ఇంజన్లే వాళ్ళను హాంబర్గ్ మీదికి, డ్రెస్డెన్ మీదికి తీసుకుపోయాయి. బి-29లు 1945 మార్చిలో టోక్యోను ఒక్క రాత్రిలో కాల్చాయి, ఆగస్టులో హిరోషిమా మీద అణుబాంబు వేశాయి. ఇంజన్ల పనితనాన్ని మెచ్చుకునే ప్రతివాడూ ఆ నగరాల్లో కాలిపోయిన స్త్రీలను, పిల్లలను తలచుకోవాలి.

చివరి అభ్యంతరం నేటిది. శంషాబాద్ నుంచి ఎగిరే ప్రయాణికుల విమానాల్లో చాలావాటికి రెండే ఇంజన్లు, సముద్రాలు దాటేవాటికీ రెండే. నాలుగు ఇంజన్లవి అరుదైపోయాయి. మరి ఈ వాదన పాతబడిందా? లేదు, ఈ వాదనే నియమంగా మారింది. టేకాఫ్ పరుగులో ఒక దశ దాటాక ఒక ఇంజన్ ఆగినా, రెండోదాని మీదే విమానం లేచి, ఎత్తుకు ఎక్కి, సురక్షితంగా దిగగలగాలి. అది నిరూపిస్తేనే అనుమతి. అందుకే రెండు ఇంజన్ల జెట్ తన బరువుకు తగ్గట్టు చూస్తే నాలుగు ఇంజన్లదాని కన్నా ఎక్కువ బలం పెట్టుకుని ఎగరవలసి వస్తుంది. సగం పోయినా చాలాలి కాబట్టి మొదటే రెట్టింపు కావాలి. 1936లో పి.13/36 రాసినవాళ్ళు ఈ ఒక్క షరతు పెట్టి ఉంటే మాంచెస్టర్ ఆ రూపంలో పుట్టేది కాదు.

ఈ రోజుకీ ఎగిరే లాంకాస్టర్లు ప్రపంచంలో రెండున్నాయి. ఒకటి ఇంగ్లండులో, ఒకటి కెనడాలో. రెంటికీ ఉన్నవి మెర్లిన్లే. పూర్తి మాంచెస్టర్ మాత్రం ఒక్కటి కూడా మిగల్లేదు.